డానియల్ గ్లౌజులు

జనవరి పదిహేడో తారీఖు, శుక్రవారం. తెల్లవారుజాము రెండు గంటల నలభై నిమిషాలు. మిషిగన్‌లో నోవై ఊరు, మా అమ్మాయి మాధవి ఇల్లు. కింది గదిలో నా మంచం పక్కన గడియారం ఉంటుంది. అందులో చూశాను కాబట్టి ఇంత కచ్చితంగా చెబుతున్నాను.

ఇది జరిగింది. నాకు కథలు అల్లడం రాదు. ముప్పై ఒక్క ఏళ్లు ఖజానా ఆఫీసులో లెక్కలు చూసిన మనిషిని. పైసా తేడా వస్తే ఆ పూట అన్నం సహించేది కాదు. మా మనవరాలి తల మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా ఇదే చెబుతాను. ఆ వేళప్పుడు నా కిటికీ అద్దం మీద ఎవరో కొట్టారు.

టక్.

కాస్త ఆగి... టక్ టక్.

ఆ చప్పుడు నాకు తెలుసు. అంతకుముందు ఒక్కసారే విన్నాను. ఎక్కడ విన్నానో ముందు చెప్పాలి. లేకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

దానికి ముందు ఏడాది, జనవరి ఇరవై ఎనిమిది, ఆదివారం. షామ్‌బర్గ్‌లో మా చెల్లెలి మనవడి అన్నప్రాశన చూసుకుని తిరిగి వస్తున్నాం. మాధవి డ్రైవ్ చేస్తోంది. వెనక సీట్లో నేను. నా ఒళ్లో తల పెట్టుకుని మనవరాలు నిత్య. అప్పుడు దానికి పదేళ్లు. మా అల్లుడు శ్రీకాంత్ నెలలో సగం రోజులు బెంటన్‌విల్‌లో క్లయింట్ ఆఫీసులోనే ఉంటాడు. ఆ రోజు కూడా అక్కడే ఉన్నాడు.

ఇంటికి ఇంకా ఇరవై మైళ్లుంది. మంచు ఎదురుగా వచ్చి అద్దానికి కొడుతోంది. ఉన్నట్టుండి కారు జారింది. ఒక చుట్టు తిరిగింది... ఆగింది. ముందు భాగం రోడ్డు పక్కన, వెనక భాగం రోడ్డు మీద. ఇంజన్ ఆగిపోయింది. మాధవి స్టీరింగ్ వదలడం లేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

వెనక నుంచి ఎర్రటి, నీలం లైట్లు వచ్చాయి. తరవాత టార్చిలైటు వెనక భాగంతో నా పక్క అద్దం మీద... టక్. కాస్త ఆగి, టక్ టక్.

పోలీసు. టోపీ మీద ప్లాస్టిక్ తొడుగు, దాని మీద మంచు. "ఎవ్రీబడీ అవుట్, మ్యామ్. నౌ."

"పాప చిన్నది, బయట చలి, కార్లోనే కూర్చుంటాం" అంది మాధవి. అతను వినలేదు. నిత్యని ఒక చేత్తో ఎత్తి రోడ్డు పక్కనున్న రెయిలింగ్ దాటించాడు. నన్ను రెండు చేతులూ పట్టుకుని దాటించాడు. అప్పుడు నా చేతులు చూశాడు. చీర మీద స్వెట్టర్ వేసుకున్నాను గానీ చేతులకేమీ లేవు. తన గ్లౌజులు తీశాడు. చిన్నపిల్లకి తొడిగినట్టు ఒక్కొక్క వేలూ సర్ది నాకు తొడిగాడు. అవి లోపల వెచ్చగా ఉన్నాయి. ఆ వెచ్చదనం అతని చేతులది.

"ఫర్దర్ బ్యాక్" అన్నాడు. గట్టు మీదికి రెండడుగులు ఎక్కాం. "ఫర్దర్ బ్యాక్." ఇంకా ఎక్కాం. "ఫర్దర్ బ్యాక్, మ్యామ్."

తరవాత, ఎర్రగా మండే గొట్టాలు రోడ్డు మీద పెట్టి వెనకొచ్చే బళ్లని ఆపడానికి వెళ్లాడు. వట్టి చేతులతో. ట్రక్కు లైట్లు కనబడ్డాయి. అది ఆగలేదు, జారుతూ అతని మీదికీ, మా కారు మీదికీ వచ్చింది. నిత్య మొహాన్ని నా పొట్టకేసి అదుముకున్నాను.

అప్పుడు రాత్రి తొమ్మిది గంటల నలభై నిమిషాలు.

అతని పేరు డానియల్. ముప్పై మూడేళ్లు.

అంత్యక్రియలకి ముగ్గురం వెళ్లాం. చర్చి నిండా యూనిఫారాలు. చివర్లో ఒకటి చేశారు... వీళ్ల ఆచారమట. అందరూ నిలబడ్డారు. స్పీకర్లో పోలీసు రేడియో పెట్టారు. ఒక ఆడమనిషి గొంతు అతని నంబరు పిలిచింది. జవాబు లేదు. మళ్లీ పిలిచింది. రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. మూడోసారి పిలిచి, ఇక ఇతను జవాబు చెప్పడనీ, డ్యూటీ దిగిపోయాడనీ చెప్పింది. అంత పెద్ద పెద్ద మగవాళ్లు భుజాలు కదిలిపోయేలా ఏడ్చారు.

అతని తల్లి ఎలెన్ గారు మాత్రం ఏడవలేదు. నా వయసే ఉంటుంది. నేను గ్లౌజులు శుభ్రంగా తుడిచి, కవర్లో పెట్టి తీసుకెళ్లాను. ఆమె చేతిలో పెట్టాను. బయటికి తీసి చూసుకున్నారు. నల్ల తోలు, లోపల బొచ్చు. కుడిచేతి బొటనవేలి దగ్గర కుట్టు ఊడితే ఎవరో తెల్లదారంతో కుట్టారు.

"ఇది నేను కుట్టిందే. నల్లదారం దొరకలేదు" అన్నారు. ఆమె నాకోసం నిదానంగా మాట్లాడేవారు. నాకు ఇంగ్లీషు చదివితే అంతా తెలుస్తుంది, మాట్లాడితేనే తడబాటు.

తరవాత వాటిని నా చేతుల్లోనే పెట్టేశారు. "మీరే ఉంచుకోండి. వాడు మీకిచ్చాడు. వాడంతే... బడికి పోయేటప్పుడు నేను తొడిగి పంపితే, దారిలో ఎవరికో ఇచ్చేసి వచ్చేవాడు. పుట్టినప్పటి నుంచీ వాడి చేతులు చల్లనివి. ఆ రాత్రి వాడి చేతులు..."

అక్కడ ఆగిపోయారు.

ఏడాదంతా మేం కలుసుకుంటూనే ఉన్నాం. ఆమె మా వాకిట్లో పెట్టమని ఒక నీలం బల్బు ఇచ్చారు. డ్యూటీలో పోయిన పోలీసులకి ఇక్కడ అలా పెడతారు. ఆమె జపమాల తిప్పుతుంటే పక్కన కూర్చుని నేను నాది తిప్పేదాన్ని. ఎన్ని మాటలు మాట్లాడుకున్నా చివరికి ఆ చేతుల దగ్గరే ఆగేవారు. "చలికి వేళ్లు కొంకర్లు పోయి ఉంటాయి కదూ?" అని అడిగేవారు. గ్లౌజులు నా బీరువాలో ఉన్నాయి.

అవి అతనికి చేరాలి. నా మనసులో అదే పడింది. ఏడాది తిరిగేలోగా చేరాలి.

మా గుడి పూజారి గారికి ఫోన్ చేశాను. "చెప్పులిస్తాం, గొడుగిస్తాం, కంబళి ఇస్తాం. పోయినవాళ్లకి చేరుతుందనే కదమ్మా ఇచ్చేది? గ్లౌజులెందుకు చేరవు?" అన్నారాయన. "తిథి నాడు దీపం పెట్టి, పేరు చెప్పుకుని, అక్కర ఉన్నవాళ్లకి ఇచ్చెయ్యండి. గోత్రం తెలియనివాళ్లకి కాశ్యప గోత్రం చెబుతాం."

మాధవి నవ్వింది. "అమ్మా, వాళ్లు ఐరిష్. డానియల్ పైనుంచి నన్నెప్పుడు కశ్యపుణ్ని చేశారంటాడు."

"మనల్ని రెయిలింగ్ దాటించినప్పుడు అతను మన గోత్రం అడిగాడా?"

అది నవ్వాపేసింది. లోపలికెళ్లి దీపపు కుంది తెచ్చి తోమడం మొదలుపెట్టింది.

ఎలెన్ గారికి చెబితే, వాళ్ల చర్చిలో చలికాలం ఇల్లులేనివాళ్లని పడుకోనిస్తారనీ, శుక్రవారం పొద్దున పది గంటలకి తనే వచ్చి గ్లౌజులు తీసుకుంటాననీ, డానియల్ పేరు మీద ఒకరికి తన చేతులతో తొడుగుతాననీ అన్నారు. ఫోన్ పెట్టేముందు "థాంక్యూ" అన్నారు.

తిథి నేనే చూశాను. విజయవాడ నుంచి తెచ్చుకున్న గోడ క్యాలెండర్లో అతను పోయిన ఆదివారం గడి చూసి రాసి పెట్టుకున్నాను. పుష్య బహుళ తదియ. ఈ ఏడాది అది జనవరి పదహారు, గురువారం వచ్చింది.

గురువారం మధ్యాహ్నం హాల్లో పీట వేసి, నువ్వుల నూనెతో దీపం పెట్టాను. ఒక పళ్లెంలో బియ్యం, నువ్వులు, రెండు అరటిపళ్లు. పక్కన గ్లౌజులు. సాంబ్రాణి వేయబోతే మాధవి, "ఆగమ్మా, అలారం!" అంటూ కుర్చీ తెచ్చుకుంది. ఇక్కడి తెలుగువాళ్లందరికీ ఇది తెలిసిందే. సాంబ్రాణి వేసినా, హోమం చేసినా, ఎండుమిరపకాయలు వేయించినా సీలింగుకున్న అలారం ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది. కిందది అరిస్తే మేడ మీదదీ అరుస్తుంది. అందుకని పూజప్పుడు రెండూ ఊడదీసి, అయ్యాక పెట్టేస్తాం. ఆ రోజు ఊడదీసి ఫ్రిజ్ మీద పెట్టింది.

మళ్లీ పెట్టలేదు. దానికి ఆఫీస్ కాల్ వచ్చింది. నాకు గుర్తు లేదు.

సాయంత్రం నుంచీ మంచు. గాలి ఒకే వైపు నుంచి కొట్టి మంచునంతా ఇంటి పక్క గోడకి తోసింది. శ్రీకాంత్ మళ్లీ బెంటన్‌విల్‌లోనే. మాధవి, నిత్య మేడ మీద పడుకున్నారు. నేను కింద.

నిద్ర పట్టలేదు. అటు దొర్లాను, ఇటు దొర్లాను. తల బరువుగా ఉంది. కడుపులో తిప్పుతోంది. ఒంటిపూట ఉన్నాను, అందుకేలే అనుకున్నాను. లేచి హాల్లోకి వెళ్లి దీపంలో నూనె పోశాను. గ్లౌజులు పళ్లెం పక్కనే ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి... నేను పెట్టినట్టే. చూసుకుని వచ్చి పడుకున్నాను. మళ్లీ లేచాను. మళ్లీ పడుకున్నాను. గుండె చప్పుడు చెవుల్లో వినబడుతోంది. కిటికీ తెర సందులోంచి వాకిట్లో నీలం బల్బు వెలుగు.

అప్పుడు...

టక్.

కళ్లు తెరిచాను. గడియారం చూశాను. రెండు నలభై.

కొమ్మ తగిలిందేమో అనుకున్నాను. ఆ కిటికీ దగ్గర చెట్టు లేదు.

టక్ టక్.

మెల్లిగా తెల్లటి వెలుగు ఒకటి తెర మీద పడింది. గుండ్రంగా. అది కదిలింది. నా కిటికీ దాటింది... హాలు కిటికీ మీదికి వెళ్లింది... వాకిలి వైపు నడిచింది. ఆ వెలుగుతో పాటే నేనూ లోపల నడిచాను. గోడ పట్టుకుని నడిచాను. హాల్లో దీపం నిటారుగా ఉంది.

తలుపు దగ్గర మళ్లీ కొట్టారు. నేను భయపడ్డానా? లేదు. ఆ క్షణంలో లేదు. ఎవరో తెలిసినవాళ్లు ఆలస్యంగా వస్తే తీస్తామే... అలా తీశాను.

నిలబడి ఉన్నాడు.

టోపీ మీద ప్లాస్టిక్ తొడుగు. దాని మీద మంచు. నీలం బల్బు వెలుగు ఒక భుజం మీద. మొహం టోపీ నీడలో ఉంది, సరిగా కనబడలేదు. కనబడిందని అబద్ధం చెప్పను. చెయ్యి కనబడింది. టార్చిలైటు పట్టుకున్న చెయ్యి. వట్టిది. వేళ్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"ఎవ్రీబడీ అవుట్, మ్యామ్" అన్నాడు. అదే గొంతు. "నౌ."

"వస్తున్నా నాయనా" అన్నాను.

అతని భుజం దగ్గర రేడియో గరగరమంది. లోపల్నించి ఆడమనిషి గొంతు. చర్చిలో విన్న గొంతు... అదే నంబరు పిలిచింది. ఒకసారి. నేను అక్కడే నిలబడిపోయాను. రెండోసారి పిలిచింది. అప్పుడతను తల కాస్త వంచి, నోరు భుజం దగ్గరికి తెచ్చి... జవాబు చెప్పాడు. తన నంబరు చెప్పాడు. ఇక్కడే ఉన్నానన్నాడు.

నేను వెనక్కి తిరిగి పరిగెత్తాను. డెబ్భై రెండేళ్లకి ఎంత పరిగెత్తగలనో అంత. మెట్ల మీద రెండుసార్లు కూలబడ్డాను. మాధవిని కుదిపితే లేవదు. చెంప మీద కొట్టాను. "ఏంటమ్మా... తల పగిలిపోతోంది..." అంది మత్తుగా. "లే! పోలీసొచ్చాడు, బయటికి రమ్మంటున్నాడు!" అన్నాను. ఆ మాటకి లేచింది. నిత్య లేచీ లేవగానే దుప్పట్లోనే వాంతి చేసుకుంది. దాన్ని చెరో పక్కా పట్టుకుని, గోడలకి కొట్టుకుంటూ, ముగ్గురం బయటపడ్డాం.

వాకిట్లో ఎవరూ లేరు.

కానీ వినబడింది. నాకు వినబడింది. "ఫర్దర్ బ్యాక్." మంచులో ఒక అడుగు వెనక్కి వేశాను. "ఫర్దర్ బ్యాక్." ఇంకొంచెం. "ఫర్దర్ బ్యాక్, మ్యామ్."

"అమ్మమ్మా," అంది నిత్య, పళ్లు కొట్టుకుంటుంటే. "హూ ఆర్ యూ లిజనింగ్ టు?"

మాధవి ఫోన్ చేస్తే ఫైర్ ఇంజన్ వచ్చింది. ఒకతను చిన్న మీటరు పట్టుకుని లోపలికి అడుగు పెట్టాడో లేదో అది కీచుమని అరిచింది. హీటర్ పొగ బయటికి పోయే గొట్టం ఇంటి పక్క గోడలో ఉంటుంది. మంచు దాన్ని పూర్తిగా కప్పేసిందట. విషవాయువంతా లోపలికే వచ్చిందట. దానికి వాసనుండదు, రంగుండదు. ఇంకో గంట పడుకుని ఉంటే...? అతను ఆ మాట పూర్తి చెయ్యలేదు. పొగతో పాటు ఆ వాయువునీ పసిగట్టే అలారం సీలింగు మీద ఉండాల్సిన చోటు చూశాడు. తరవాత ఫ్రిజ్ మీద చూశాడు. మాధవి తల దించుకుంది.

నేను చూసింది అతనికి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "ఆ గాలి పీలిస్తే తల పనిచెయ్యదు మ్యామ్. మనుషులు కనబడతారు, గొంతులు వినబడతాయి. మామూలే" అన్నాడు.

కావచ్చు. నేను కాదనను. కానీ ఆ గాలే నన్ను లేపి బయటికి పంపిందంటే, చంపేదీ అదే, బతికించేదీ అదే అన్నట్టు. ఆ లెక్క నాకు కుదరడం లేదు.

ఆసుపత్రిలో ముగ్గురికీ ఆక్సిజన్ పెట్టారు. పక్క మంచం మీద నుంచి మాధవి ఫోన్ నా వైపు తిప్పింది. "అమ్మా, డోర్‌బెల్ కెమెరా వీడియో. చూస్తావా?" చూశాను. తలుపు తెరుచుకుంది. నేను నిలబడ్డాను. ఎదురుగా మంచు తప్ప ఏమీ లేదు. తల కాస్త పైకెత్తి, నాకంటే పొడుగైన మనిషిని చూసినట్టు చూస్తున్నాను. "వస్తున్నా నాయనా." ఆ మాట స్పష్టంగా వినబడింది. తరవాత గాలి చప్పుడు. నేను కదలకుండా నిలబడే ఉన్నాను, ఎవరి మాటో వింటున్నట్టు... లోపలికి పరిగెత్తాను. తరవాతి వీడియోలో ముగ్గురం బయట ఉన్నాం. నేను ఒక అడుగు వెనక్కి వేసి ఆగాను. మళ్లీ వేసి ఆగాను. మళ్లీ వేసి ఆగాను.

"డిలీట్ చెయ్యనా?" అంది మాధవి.

"చెయ్యకు."

ఊరికే పడుకోవడం నాకు చేతకాదు. ఫోన్లో పంచాంగం తీశాను. అప్పుడు కనబడింది నా తప్పు. అతను పోయింది ఇక్కడ ఆదివారం రాత్రి. నేను క్యాలెండర్లో ఆదివారం గడే చూశాను. కానీ ఇక్కడ ఆదివారం రాత్రయ్యేసరికి, ఆ క్యాలెండర్ అచ్చయిన దేశంలో సోమవారం తెల్లవారిపోయింది. తదియ వెళ్లిపోయింది. అతని తిథి చవితి. నేను దీపం పెట్టిన గురువారం మధ్యాహ్నం ఇక్కడ ఇంకా తదియే. సాయంత్రం ఐదున్నర దాటాక చవితి వచ్చింది.

నేను పిలిచిన వేళకి అతని తిథి రాలేదు. కిటికీ కొట్టిన వేళకి వచ్చింది.

తొమ్మిదింటికి ఇంటికి చేరాం. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఇల్లు మంచుగడ్డలా ఉంది. దీపం కొండెక్కింది. పళ్లెంలో బియ్యం, నువ్వులు, అరటిపళ్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

గ్లౌజులు లేవు.

పీట కింద చూశాను. సోఫా జరిపించాను. పక్కబట్టలు దులిపాను. నేను తీశానా? గుర్తు లేదు. వీడియోలో బయటికి వచ్చినప్పుడు నా రెండు చేతులూ నిత్య నడుం చుట్టూ ఉన్నాయి. "ఫైర్ వాళ్లు తమవనుకుని పట్టుకెళ్లారేమోనమ్మా" అంది మాధవి. ఫోన్ చేసి అడిగింది. వాళ్లూ వెతికారు. లేవన్నారు.

పది గంటలకి ఎలెన్ గారు వచ్చారు. మంచి కోటు వేసుకుని, జుట్టు దువ్వుకుని, గ్లౌజులు పెట్టుకోవడానికి ఒక చిన్న గుడ్డసంచీ తెచ్చుకున్నారు. ఏడాది పాటు దాచి, ఇవ్వాల్సిన రోజున పోగొట్టాను. ఆమెని కూర్చోబెట్టాను. ఉన్నదున్నట్టు చెప్పాను. కిటికీ మీద చప్పుడు, వట్టి చెయ్యి, రేడియో, అతను చెప్పిన జవాబు. ఫైర్ అతను చెప్పిందీ చెప్పాను. నాది అబద్ధమనుకున్నా, పిచ్చనుకున్నా ఫరవాలేదనుకున్నాను. చివరికి, "గ్లౌజులు కనబడటం లేదు, ఎలెన్ గారూ. ఇల్లంతా వెతుకుతాను. మంచు కరిగాక బయటా వెతుకుతాను" అన్నాను.

ఆమె సంచీని ఒడిలో పెట్టుకుని మడత పెట్టారు. మళ్లీ మడత పెట్టారు. అరచేతిలో పట్టేంత అయ్యేదాకా.

"వద్దు" అన్నారు. "వెతకొద్దు."

మార్చిలో మంచు కరిగింది. నేను వాకిట్లోకి వెళ్లలేదు. నీలం బల్బు వెలుగుతూనే ఉంది. రాత్రి రెండున్నరకి మెలకువ వస్తుంది. కిటికీ వైపు తిరిగి పడుకుంటాను. ఏమీ వినబడదు. ఆ రాత్రి వినబడింది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

పోయినవి ఇవి.

మొదటి రాత్రి: మనిషి, ఒకరు. కారు, ఒకటి.

రెండో రాత్రి: మనుషులు, ఎవరూ లేరు. నల్ల తోలు గ్లౌజులు, ఒక జత. కుడిదాని బొటనవేలి దగ్గర తెల్లదారం కుట్టు.